వినువీథిలో వంతులు



మీ యింటి రేడియోలోని ముల్లును ఒకమారు తలచుకొనుడు. మధ్యతరంగములపై విజయవాడ కేంద్రము 837 కిలోహెర్ట్జులకడను, హైదరాబాదు కేంద్రము 738 కిలోహెర్ట్జులకడను తమతమ చోటులయందు స్థిరముగ నిలిచియుండుట చేతనే, ముల్లు ఇటు త్రిప్పిన కృష్ణాతీరపు గొంతుకయు, అటు త్రిప్పిన మూసీతీరపు గొంతుకయు మనకు వేరువేరుగ వినబడుచున్నవి. ఈ యేర్పాటు దానంతట అది కలిగినది కాదు. ఒక్కొక్క స్థానమునకు తొమ్మిదేసి కిలోహెర్ట్జుల యెడముండునట్లు, 1975లో జెనీవా నగరమున అనేకదేశముల ప్రతినిధులు కూర్చుండి పంపకము చేసికొనిరి. అంత పంపకము జరిగియును, రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట, పైవాతావరణపు పొరలు దూరదేశముల యలలను క్రిందికి మరలించు వేళ, ఎక్కడిదో పరభాషాగానము మన వార్తల అడుగున సన్నగ ప్రాకుచు వచ్చుట మీరందరు వినియే యుందురు. ఒకరి మాటలో నొకరి మాట కలియుట యనగా నేమో రేడియో శ్రోతకు వేరుగ బోధింప నక్కరలేదు. నేను చెప్పబోవు డ్రోనుల కథయు ఆ కలయికకు సంబంధించినదే.

పైరుల మీద మందు చల్లునవి, పెండ్లిండ్లలో పైనుండి చిత్రములు తీయునవి, కుర్రవాండ్రు డ్రోను కెమెరా దృశ్యమును చూపు గాగుల్సు కన్నులకు తగిలించుకొని పందెముగ పరుగెత్తించునవి, ఎన్ని విధముల డ్రోనులున్నను అన్నియు కంటికి గానరాని అలల నమ్ముకొనియే యెగురుచున్నవి. ఒకడు ఒంటరిగ నెగురవేసినంతకాలము వానికి చిక్కులు తక్కువ. ప్రక్కన రెండవవాడు వచ్చి నిలుచున్న క్షణము నుండి ఆకాశము ఉమ్మడిపొలమగును.

గత మాఘమాసమున నా కనుల యెదుట జరిగిన దొకటి చెప్పెదను. మా యూరిచెరువు అప్పటికి ఎండి, నడుమ బీటలువారిన నేలయు, అంచున తుమ్మచెట్లును మిగిలియుండెను. నా మనుమడు నాలుగుమాసములు రాత్రులు మేలుకొని, తీగెకు తీగె అతికి, తన చేతులతో కట్టుకొనిన చిన్న డ్రోనును ఆ ఆదివారమునాడు కట్టమీద కూర్చుండి యెగురవేయుచుండెను. అది తుమ్మచెట్ల సందులలో తూనీగవలె దూరుచు వచ్చుచుండగా, ప్రక్కయూరి యువకు డొకడు మోటారుసైకిలు దిగి, సంచి విప్పి, తన డ్రోను ఎట్లున్నదో చూచుకొనుటకై దానికి బ్యాటరీ తగిలించెను. అంతే. "అన్నా, బొమ్మ పోయింది! బొమ్మ పోయింది!" అని మనుమడు కేక పెట్టెను. గాగుల్సులో తుమ్మచెట్లు మాయమై, రెండు మోకాళ్ళును, వాటిపై నొక రిమోటును, దానిని పట్టుకొనిన రెండు చేతులును కనబడినవట. ఆ చేతులు వానివే. ఆ రెండవవాని కెమెరా పంపుచున్న దృశ్యము వాని గాగుల్సులోనికి చొచ్చుకొనివచ్చి, ఎగురుచున్నవాడు తన డ్రోను చూపును గోల్పోయి తన్ను తానే చూచుకొనుచు కూర్చుండెను. ఎవరి యధీనములోను లేని ఆ యంత్రము చెరువంచు దాటి మొక్కజొన్నచేనిలో కూలెను. అది పడిన చోటికి ఇరువదియడుగుల దూరమున ఒక యిల్లాలు కలుపు తీయుచుండెను. ఆ ఇరువదియడుగులు తలచుకొనినప్పుడెల్ల నాకిప్పటికిని గుండె ఝల్లుమనును.

వచ్చిన యువకుడు మంచివాడు. ముఖము వెలవెలపోయి, "నేను ఎగరెయ్యలేదు కదా తాతగారూ, బ్యాటరీ మాత్రమే పెట్టాను," అనెను. ఆ మాట అబద్ధము కాదు. అయినను ఎరుగవలసినదంతయు ఆ మాటయందే మరుగుపడియున్నది. డ్రోను నేలమీద కదలక యున్నను, బ్యాటరీ తగిలినది మొదలు దాని కెమెరా తన దృశ్యమును దశదిశల వెదజల్లుచునే యుండును. రెక్కలు తిరుగుట వేరు, గొంతు విప్పుట వేరు.

డ్రోనునకును దానిని నడుపువానికిని నడుమ రెండు త్రోవలు కలవు. చేతిలోని రిమోటు నుండి పోవు ఆజ్ఞల త్రోవ యొకటి, కెమెరా నుండి గాగుల్సునకు వచ్చు దృశ్యపు త్రోవ మరియొకటి. ఆజ్ఞలు సామాన్యముగ 2.4 గిగాహెర్ట్జుల ప్రాంతమునను, దృశ్యము 5.8 గిగాహెర్ట్జుల ప్రాంతమునను నడచును. విజయవాడ కేంద్రపు అల యొక్కొక్కటి సుమారు 358 మీటర్ల పొడవుండగా, ఈ దృశ్యపు అల అయిదు సెంటీమీటర్లకు కొంచెము మించును. అంత పొట్టి యల గుట్టలను చుట్టి రాజాలదు. తిన్నగ సాగును. పచ్చని కొమ్మ అడ్డమైనను, నీటితో నిండిన మన దేహమే యడ్డమైనను నీరసించును. కావుననే ఎగురవేయువారు ఒకరి వెనుక నొకరు గాక ఒకే వరుసలో, డ్రోనుల వైపు ముఖములు పెట్టి కూర్చుండుట మేలు.

ఆజ్ఞల త్రోవలోని తగవు నేటికి చాలవరకు తీరినది. అది తీరిన విధము ఆశ్చర్యకరమైనది గనుక కొంచెము నిలిచి చెప్పెదను. డ్రోనులు పుట్టకముందు, బొమ్మవిమానముల నెగురవేయు సంఘములు పాశ్చాత్యదేశములలో ఎన్నియో యుండెను. వారి రిమోటులలో ఒక్కొక్కదానికి స్ఫటికపు ముక్క యొకటి యుండి, దాని స్పందనను బట్టి ఆ రిమోటు పలుకు స్థానము స్థిరపడియుండెడిది. అమెరికాలో 72 మెగాహెర్ట్జుల కడ ఇట్టి స్థానములు 50 మాత్రమే. బ్రిటనులో 35 మెగాహెర్ట్జుల ప్రాంతము వాడుకలో నుండెను. ఒకే స్థానపు స్ఫటికము గల ఇరువురు ఒక్క మైదానమున ఒకే వేళ రిమోటు తెరచిరా, గాలిలోని విమానమునకు ఇరువురు యజమాను లేర్పడి అది నేల గూలుట నిశ్చయము. ఇందులకు వారు కనిపెట్టిన ఉపాయము యంత్రము గాదు, ఒక చెక్కపలక. మైదానపు ద్వారముకడ పలక నిలిపి, స్థానసంఖ్యలు వ్రాసి, ప్రతిసంఖ్యకడను బట్టలారవేయు క్లిప్పు నొకదానిని తగిలించెడివారు. ఎగురవేయదలచినవాడు ముందుగ పోయి తన సంఖ్య గల క్లిప్పును దీసి తన రిమోటునకు తగిలించుకొనవలెను. క్లిప్పు లేదా, రిమోటు తెరువరాదు. అంతకుముందే వేరొకడు దానిని తీసికొనిపోయియుండిన, వాడు దిగివచ్చునంతవరకు వీనికి నిరీక్షణమే. కొన్ని సంఘములలో రిమోటుల నన్నిటిని ఒక బల్లమీద కాపుంచి, క్లిప్పు చూపినవానికే తిరిగి యిచ్చుటయు గలదు. అణాపైసల విలువ గల చెక్కముక్క వేలరూపాయల యంత్రములను, వాటి క్రింద నడచు మనుష్యుల తలలను గాచినది.

పిమ్మట స్థానము మార్చుచు పలుకు పద్ధతి వచ్చినది. నేటి రిమోటు ఒక్కచోట నిలువక, సెకనులో పెక్కుమారులు ఒక చోటినుండి వేరొక చోటికి గంతులు వేయుచు ఆజ్ఞలను పంపును. ఏ వరుసలో గంతులు వేయునో దానికిని, దానితో ముందుగ 'బైండు' చేయబడిన, అనగా జతకట్టబడిన, డ్రోనునకును మాత్రమే తెలియును. ఇద్దరి గంతులు ఒకప్పుడొకచోట దైవికముగ తగిలినను మరుక్షణమే విడిపోవును. ఈ గంతుల యూహకు దూరపుబంధువైన యొక ప్రతిపాదనము రెండవ ప్రపంచయుద్ధకాలమున పుట్టినది. వియన్నాలో జన్మించి అమెరికా చేరిన చలనచిత్రతార హెడీ లమారును, సంగీతకర్త జార్జ్ ఆంథైలును కలసి, శత్రువులు టార్పెడోను దారి తప్పింపకుండునట్లు, పియానో మెట్ల వలె 88 స్థానముల మీద సంకేతమును మార్చుచు పోవు ఉపాయమును రచించి, 1942 ఆగష్టు 11వ తేదీన అమెరికాలో పేటెంటు పొందిరి. నౌకాదళము దాని నప్పుడు వాడుకొనలేదు. సంగీతము తెలిసినవా రిట్టి యూహ చేయుట నాకు వింతగ తోచదు; ఎప్పు డెక్కడ నే స్వరము పలుకవలెనో, ఎక్కడ మౌనము పాటింపవలెనో వారికంటె నెవరెరుగుదురు?

అయినను దృశ్యపు త్రోవలో ఈ భాగ్యము లేదు. పందెపుకుర్రవాండ్రు ఎక్కువగ వాడు అనలాగు కెమెరాలు ఒక్క స్థానమును బట్టి, ఎగిరినంతసేపును అక్కడనే పలుకుచుండును. అందువలన పాతకాలపు పలకయొక్క అవసరము తిరిగివచ్చినది. నా బాధయేమనగా, అవసరము వచ్చినది గాని పలక రాలేదు.

ఇక మనుమని గాగుల్సులో వానిచేతులే యేల కనబడెనో చెప్పవలసియున్నది. తిరునాళ్ళలో ఒక పందిట హరికథయు, అవతలి పందిట బుర్రకథయు జరుగుచుండ, బుర్రకథ పందిట మైకు క్రింద నిలుచున్నవానికి హరికథలోని ఒక్క పలుకైనను చెవిని బడునా? రెండుమైకుల బలమును సమానమే, దూరములే వేరు. అలల బలము దూరపు వర్గమును బట్టి తగ్గును. మనుమని డ్రోను అయిదువందల మీటర్ల యవతల నున్నదనుకొనుడు, క్రొత్తవాని డ్రోను అయిదు మీటర్లలో నున్నదనుకొనుడు. దూరము నూరురెట్లు, బలములో తేడా పదివేల రెట్లు. పైగా ఈ దృశ్యము వచ్చునది మీరెరిగిన ఎఫ్.ఎం. పద్ధతి మీద. రెండు పట్టణముల నడుమ కారులో పోవునప్పుడు ఒక ఎఫ్.ఎం. కేంద్రము పాడుచు పాడుచు నిలిచి, వేరొకటి తటాలున అందుకొనుట మీకు తెలియును. బలముగలది బలములేనిదానితో కలియదు, దానిని మ్రింగివేయును. అందుచేత రెండుచిత్రములు కలగాపులగముగ రాక, తుమ్మచెట్లు పూర్తిగ పోయి మోకాళ్ళు స్పష్టముగ వచ్చినవి. కాలువక్రింది సేద్యము చేయువారి కిది క్రొత్తగాదు. తూముకడ పొలమువాడు వంతు తప్పి మడవ త్రవ్వుకొనెనా, చివర ఆయకట్టువాని చేను క్షణములో నెండును. తూముకడవాడు చెడ్డవాడని కాదు, వాడు తూముకడ నున్నాడు, అంతే.

మరి పంపకము చేసికొనుట యెట్లు? పందెములకై ఏర్పడిన ఎనిమిది స్థానముల వరుస యొకటి కలదు. దానిని 'రేస్‌బ్యాండు' అందురు. అది 5658 మెగాహెర్ట్జులతో మొదలై ముప్పదియేడేసి మెగాహెర్ట్జుల యెడముతో 5917 వరకు పోవును. చూచుటకు సమానమైన ఈ యెడమునందే ఒక మోసము దాగియున్నది. రెండు ప్రసారములు దగ్గర దగ్గర నుండి బలముగ పలికినప్పుడు, యంత్రములలో అవి యొండొంటితో నొరసికొని, అక్కడ లేని మూడవ ప్రసారమును పుట్టించును. లెక్క కష్టము గాదు. ఒకదానిని రెట్టింపు చేసి రెండవదానిని తీసివేసిన ఆ మూడవదాని చోటు తెలియును. 5695ను రెట్టించి 5658ని తీసివేయుడు, 5732 వచ్చును. అది సరిగ మూడవవాని స్థానము! అనగా మొదటి యిద్దరును తమ హద్దులలో తామున్నను, వారి నీడ మూడవవాని చేనిలో పడుచున్నది. కావున నలుగురైదుగురు కలసి యెగురవేయునప్పుడు ఎడమునం దసమానత యుండవలెను. 5658, 5695లను, ఆ వరుసలో లేని 5760, 5800లను కలిపి నాలుగింటిని తీసికొని ఏ రెంటితో లెక్క వేసినను, పుట్టిన నీడ ఎవరి స్థానమునకైనను 25 మెగాహెర్ట్జుల లోపునకు రాదు. నేను కాగితముపై అన్ని జతలను వేసి చూచితిని. మీ యింట ఈ సరదా గల పిల్లలున్నచో వారిచేతను వేయింపుడు. దీనికంటె ఉపయోగకరమైన లెక్క వారికి బడిలో తరచు దొరకదు.

రేస్‌బ్యాండు వరుసలోని కడపటి రెండు స్థానములు, అనగా 5880, 5917 మెగాహెర్ట్జులు, మనదేశమున వాడదగవు. 2018లో కేంద్రప్రభుత్వము లైసెన్సు లేకుండ వాడుకొనుటకు విడిచిపెట్టిన భాగము 5875 మెగాహెర్ట్జులతో ముగియుచున్నది. యంత్రములో మీట యున్నదిగదా యని నొక్కుట అనుమతి యున్నట్లు గాదు. ఆ విడిచిపెట్టుటలోను ఒక షరతు కలదు. అది నా మనస్సును మిక్కిలి ఆకర్షించినది. ఈ భాగమున పలుకువాడు ఇతరులకు అంతరాయము కలిగింపరాదు, ఇతరులవలన తన కంతరాయము కలిగినదని రక్షణ కోరను రాదు, అందరితో కలసి పంచుకొనవలెను. ప్రక్కవాని స్థానము, అనగా ఛానలు, మీద బ్యాటరీ తగిలించినవానిపై ఫిర్యాదు చేయుటకు పోదమన్నను ఇక్కడ ఆకాశపు కరణముగాని మునసబుగాని లేరు. 2021 నాటి డ్రోన్ నియమములు ఆకుపచ్చమండలమున 400 అడుగుల యెత్తు వరకు ఎగురవచ్చునని చెప్పినవిగాని, చెరువుకట్టపై కూర్చుండిన నలుగురిలో ఎవరి దే స్థానమో చెప్పలేదు. అది కట్టమీద నోటితో అడిగి తెలిసికొనవలసిన సంగతి.

అడుగవలసిన మాట యొక్కటే, అదియు బ్యాటరీ తగిలింపకముందు అడుగవలసినది: "గాలిలో ఎవరున్నారు, ఏ ఛానల్లో ఉన్నారు?" ఎగురుచున్నవాని కన్నులు గాగుల్సులో నుండును గాని చెవులు మనకడనే యుండును. వాడు సమాధానము చెప్పువరకు ఆగవలెను. ఎవరును పలుకనిచో ఎవరును లేరని తలచుట తప్పు. వాడొక ఇరుకుసందులో దూరుచు మాట్లాడలేక యుండవచ్చును. స్థానము మార్చుకొనవలసివచ్చినచో అందరును దిగినపిమ్మటనే మార్చుకొనవలెను. మీట నొక్కునప్పుడు ఒక్కొక్క మెట్టు దాటుచు పోవు యంత్రము దారిలోని ప్రతివాని స్థానమును ఒక క్షణము త్రొక్కుచు పోవును.

ఇక బలము. కొన్ని కెమెరాప్రసారిణులు 25 మిల్లీవాట్ల మొదలు 800 మిల్లీవాట్ల వరకు పలుకగలవు. క్రొత్తవాడు సహజముగ బలము పెంచుటకే చూచును. పదిమంది గుమిగూడిన గదిలో ఒకడు గొంతు పెంచిన మిగిలినవారును పెంచుదురు, ముందు వినబడుచుండిన మాటయు పిమ్మట ఎవరికిని వినబడదు. చెరువంత చోటులో నలుగురు కలసి యెగురవేయుటకు 25 మిల్లీవాట్లు చాలును. నేలమీద సరిచూచుకొనుటకు దాదాపు మౌనముగ నుండు 'పిట్ మోడ్' అను ఏర్పాటు పెక్కింటిలో కలదు. అది యున్నచో దానినే వాడవలెను. యాంటెన్నా బిగింపక ప్రసారిణికి విద్యుత్తునిచ్చిన అది తన వేడిమికి తానే మాడిపోవును. యాంటెన్నాలలో అల కుడివైపు మెలి తిరుగునవి, ఎడమవైపు మెలి తిరుగునవి అని రెండు జాతులు కలవు. ప్రక్కప్రక్క స్థానములవారు చెరియొక జాతిని వాడుకొనిన, వారి నడుమ గోడ కాకున్నను దడియైనను కట్టినట్లగును.

కూలిన డ్రోను గురించి ఎవరును తలపని విషయ మొకటి కలదు. డ్రోను కూలినను కెమెరా చావదు. యజమాని పరుగెత్తి దానిని చేతబట్టుకొని, ఇంకను ఎగురవేయుచున్న స్నేహితుల వరుస ముందునుండి నడచివచ్చును. వాని చేతిలో గొంతు విప్పిన యంత్రము ఒక్కొక్క గాగుల్సునకు అడుగు దూరమున సాగివచ్చును. ఒకని పతనము మరి ఇద్దరి పతనమునకు హేతువగుట ఇట్లే. పడినచోటనే బ్యాటరీ ఊడదీసి మరి తేవలెను.

ఆజ్ఞల త్రోవలో తగవు తీరినదంటిని గాని, భయము తీరినదనలేదు. 2.4 గిగాహెర్ట్జుల వీథిలో మన యింటి వైఫైలు, జేబులోని సెల్‌ఫోనుల హాట్‌స్పాట్లు, వందలకొలది ప్రేక్షకులు తెచ్చిన యంత్రములు అన్నియు కిక్కిరిసి యుండును. కావున రిమోటు మాట వినబడనిచో నేమి చేయవలెనో డ్రోనునకు ముందే నేర్పియుంచవలెను. దీనిని ఫెయిల్‌సేఫ్ అందురు. నేలమీద, రెక్కలు తీసివేసి, రిమోటు ఆపివేసి, మోటార్లు ఆగుచున్నవో లేవో చూడని డ్రోనును మనుష్యులున్నచోట ఎగురవేయుట అపరాధమని నా దృఢాభిప్రాయము. పెండ్లివీడియోలు తీయు పెద్దడ్రోనులు ఇట్టి వేళ తమంతట తామే యింటిదారి పట్టును. ఒకే కల్యాణమండపమునకు రెండు బృందములు వచ్చినప్పుడు, ఆ తిరుగుదారి యెత్తును ఇద్దరును వేరువేరుగ నిర్ణయించుకొనిరా లేదా యన్నది అడుగవలసిన ప్రశ్న. ఒకే యెత్తున, ఒకే ముంగిటికి, యజమాని మాట వినని రెండు యంత్రములు ఎదురెదురుగ వచ్చుట తలచుటకే భయంకరము. మిరపతోటల మీద మందు చల్లు డ్రోనులకును ఇదే చెప్పదగును. గట్టుకిటు నటు రెండు డ్రోనులు ఒకే ఉదయమున పని చేయునప్పుడు, వాటిని నడపువారు గట్టుమీద కలసికొని రెండు మాటలు చెప్పుకొనుటకు పట్టునది మందు కలుపుటకు పట్టునంత సమయమైనను గాదు.

2024 అక్టోబరు 22వ తేదీ రాత్రి విజయవాడ పున్నమిఘాట్ మీద 5,500 డ్రోనులు ఒక్కమారుగ లేచి, కృష్ణానది మీద వెలుగుబొమ్మలు కట్టుట మీలో పెక్కురు చూచియుందురు. ఇట్టి ప్రదర్శనలలో ప్రతి డ్రోను పోవలసిన బాటయు, చేరవలసిన క్షణమును ముందే వ్రాయబడి, ఒక్క నియంత్రణస్థానము అన్నిటిని కనిపెట్టుచుండును. అక్కడ సూత్రధారు డొక్కడు. చెరువుకట్టమీది నలుగురు కుర్రవాండ్రకు సూత్రధారుడు లేడు. వారి పని అందువలన సులభము కాదు, కఠినతరము.

మొక్కజొన్నచేని సంగతి జరిగిన మరునాడు నేనొక పాత కిటికీతలుపు చెక్కను తెచ్చి, నాలుగు గీతలు గీచి, 5658, 5695, 5760, 5800 అని సున్నముతో వ్రాసి, ఒక్కొక్కదానికడ బట్టలారవేయు క్లిప్పు తగిలించి మనుమని చేతికిచ్చితిని. ప్రక్కయూరి యువకుడే దానిని తుమ్మచెట్టునకు మేకు కొట్టి నిలిపెను. ఇప్పుడు ఆదివారములందు వచ్చినవాడు ముందుగ చెట్టుకడకు పోవును. మొన్న అయిదవవాడొకడు వచ్చి చూడగా క్లిప్పు లొక్కటియు లేవు. వాడు తన సంచి విప్పకయే పోయి మనుమని ప్రక్కన కూర్చుండి, గాగుల్సు ధరించినవానికి కానరాని సంగతులను తన కన్నులతో చూచి చెప్పుచుండెను: "తమ్ముడూ, ఎడంపక్క గేదెలొస్తున్నాయి, కాస్త ఎత్తు పెంచు." మనుమడు ఎత్తు పెంచెను. కొంతసేపటికి డ్రోను దిగినది, బ్యాటరీ ఊడినది, 5760 క్లిప్పు చేతులు మారినది.